తపాలాలో తిరుగు ఛాయాచిత్రములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు ఫొటోల ముచ్చట ఏల అని కొందరికి తోచవచ్చును. తోచుట న్యాయమే. అయినను గ్రంథాలయమనగా నేమి? ఒకని చేతిలో పుట్టిన వస్తువు, ఆతనిని ఎన్నడును చూడనివాని చేతికి చేరు తావు. తాళపత్రముల కాలమున ఒక్కొక్క ప్రతిని ఒక్కొక్క లేఖకుడు గంటము పట్టి వ్రాసెడివాడు. ఒక ప్రతివలె మరియొక ప్రతి యుండెడిది కాదు. ఒకచోట అక్షరము జారును. ఒకచోట పాఠము మారును. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఆ భేదము పోయినది. చీకటి గదిలో చేతితో దించు ఛాయాచిత్రము మాత్రము నేటికిని తాళపత్రపు ప్రతి వంటిదే. అట్టి చిత్రమును స్వయముగా చేసి, తపాలాలో వేసి, బదులుగా తనవంటి మరియొక అభిలాషి చేసిన దానిని తెప్పించుకొను వారు కొందరు లోకమున గలరు. వారి సంగతియే ఈ ప్రసంగమునకు విషయము.

ఛాయాచిత్రము తపాలాలో ప్రయాణము చేయుట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి క్రొత్త కాదు. ఈ ఊళ్లనుండి ఎందరో పురుషులు దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అరేబియాలకు పనికి పోయిరి. సిరిసిల్ల నేతవారు అంతకు పూర్వమే మగ్గముల వెంట భివండికిని షోలాపురమునకును పోయిరి. టెలిఫోను ఇంటింటికి రానంతకాలము పోయినవారికిని ఇంటికిని నడుమ త్రోవ కవరు మాత్రమే. ఆ కవరులో ఉత్తరముతోపాటు ఒక ఫొటో. పుట్టువెండ్రుకలు తీయించిననాడు ఒకటి, బడిలో వేసిననాడు ఒకటి, బతుకమ్మకు క్రొత్త గౌను కుట్టించిననాడు ఒకటి. తండ్రి రెండు మూడేండ్లకు సెలవుపై దిగినపుడు బిడ్డ ఆతనిని గుర్తింపక తల్లి కొంగు వెనుక దాగును. తండ్రి మాత్రము బిడ్డను గుర్తించును. కవరులలో చూచియున్నాడు గనుక. ఆ ఫొటోలను పర్సులో పెట్టుకొని పెట్టుకొని మూలలు తెల్లబడి, నడుమ మడత పడి, అట్లే తిరిగి తెచ్చినవారు ఎందరో కలరు. ఈ ప్రాంతమున ఏ యింటి ట్రంకుపెట్టె తెరచినను అట్టిది ఒకటైనను అడుగున దొరకును.

నాటకములు చదువువారికి ఇచ్చట భాసుని స్వప్నవాసవదత్తము స్ఫురించును. వాసవదత్త ఉదయనునితో వెడలిపోయిన పిమ్మట ఆమె తల్లిదండ్రులు ఇరువురి చిత్తరువులను ఫలకముపై వ్రాయించి, ఆ బొమ్మలకే వివాహము జరిపించిరి. తరువాత ఆ ఫలకమును దాదిచేత ఉదయనునికడకు పంపిరి. దానిని చూచియే పద్మావతి, తనయొద్ద అవంతిక యను పేర నున్న స్త్రీ ఆ చిత్తరువులోని వాసవదత్తను పోలియున్నదని కనిపెట్టెను. కథ యంతయు ఆ ఫలకముచేతనే ముడి విడినది. కాని ఆ చిత్తరువు వ్రాసిన చేయి ఎవరిదో నాటకమున తెలియదు. కోరుట్ల బజారులో బిడ్డ ఫొటో తీసి, కడిగి, దించి యిచ్చిన స్టూడియోవాని పేరు దుబాయిలోని తండ్రికి తెలియనట్లే.

చిత్రముల మార్పిడి చేసికొనువారి పద్ధతి దీనికి వేరు. వారికి చిత్రములో నున్నది ఎవరు అనునంత ముఖ్యముగా, దించినది ఎవరు, ఎట్లు దించిరి అనునదియు ముఖ్యము. ఇది తెలియుటకు చీకటిగది పని కొంత తెలియవలెను.

చీకటిగది యనగా పెద్ద కర్మాగారము కాదు. స్నానపుగది కిటికీకి నల్లదుప్పటి కట్టి, తలుపుసందులలో గుడ్డపేలికలు కుక్కినను చాలును. లోపల ఒక ఎర్రదీపము. ఫొటో కాగితముపై జెలటినులో కలిసియున్న వెండి లవణములకు ఎర్రని వెలుతురు అంతగా సోకదు. తెల్లని వెలుతురు క్షణములో సోకును. నెగెటివును ఎన్లార్జరను యంత్రములో నుంచి, దాని గుండ కొన్ని క్షణములు వెలుతురును కాగితముపై పడనిత్తురు. అప్పటికి కాగితముపై ఏమియు కనబడదు. దానిని మొదటి తొట్టిలోని డెవలపరు నీటిలో ముంచి మెల్లగా ఊపుదురు. అర నిమిషము లోపలనే నల్లనివన్నియు తేలనారంభించును. మొదట వెండ్రుకలు, తరువాత కన్నులు, తరువాత చీర అంచు. చెరువు అడుగునుండి మనిషి పైకి వచ్చుచున్నట్లుండును. ఎన్నేండ్లు చేసినవారును ఆ అర నిమిషమున మాటలాడరని చెప్పుదురు. తరువాత రెండవ తొట్టిలో పులిసిన వాసనగల ఆసిటిక్ ఆమ్లపు నీరు, మూడవదానిలో హైపో. వెలుతురు సోకని వెండి లవణమును హైపో కరగించివేయును. ఈ గుణమును 1819లో కనుగొన్నవాడు ఇంగ్లండులోని జాన్ హెర్షెల్ పండితుడు. ఇరువది సంవత్సరములకు, 1839లో, టాల్బట్ మొదలగువారు ఛాయాచిత్రమును నిలుపుటకు మార్గము వెదకుచున్నపుడు ఆ పాత సంగతి అక్కరకు వచ్చినది. ఏ విద్య ఎప్పుడు ఎవరికి పనికివచ్చునో చెప్పజాలము. గ్రంథాలయములో పదేండ్లు ఎవరును ముట్టని పుస్తకమును బయట పారవేయుదమనువారు ఈ హైపో కథ వినవలెను.

హైపో తరువాత కడుగుట. దళసరి కాగితమును గంటసేపు పారు నీటిలో కడుగవలెను. కడుగక తొందరపడినచో చిత్రము కొన్నేండ్లకు గోధుమవర్ణమై, పసుపై, తుదకు మొగమే మాయమగును. ట్రంకుపెట్టెలలోని పాతఫొటోలు కొన్ని అట్లయినది దేవుని లీల కాదు, కడుగుటలోని లోభము. కరీంనగరపు వేసవిలో ఈ పనికి మరియొక చిక్కు కలదు. మందులనీరు 20 డిగ్రీల వేడిమిలో నుండవలెనని పుస్తకములలో వ్రాసియుండును. వైశాఖమాసమున తొట్టిలోని నీరు దానికి ఎంతో మించును. జెలటిను మెత్తబడి కాగితము అంచులలో ముడుతలు పడి లేచిపోవును. అందుచేత సోడా దుకాణమునుండి మంచుగడ్డ తెచ్చి తొట్టి క్రింది పళ్లెములో వేసికొని, అర్ధరాత్రి దాటినపిమ్మట పని చేయవలసి వచ్చును. బోరునీటిలోని సున్నము ఆరినపిమ్మట చిత్రముపై తెల్లని చుక్కలుగా నిలుచును. తుది కడుగుటకైనను కాచి వడియగట్టిన నీరు కావలెను.

వెలుతురు పడుచున్నపుడు అరచేతిని అడ్డము పెట్టి ఒక భాగమును తేటపరచుట, వ్రేళ్లసందున వెలుతురు వదలి మరియొక భాగమును ముదురుచేయుట, ఇదంతయు చేతి విద్య. ఆ చేయి ప్రతిమారు ఒక్కతీరుగా ఆడదు. అందుచేత ఒకే నెగెటివునుండి ఒకే రాత్రి దించిన రెండు ప్రతులును అచ్చముగా ఒకటి కావు. సిరిసిల్లలో ఈ మాట వివరింపనక్కరలేదు. మరమగ్గముపై పారు గజముల బట్ట ఒక్కతీరు. చేమగ్గముపై పడుగు పేకల నడుమ నేతగాని ఊపిరియు పడును. చూచినవారికి ఇది వాని నేత అని తెలియును.

ఇట్లు దించినదానిని ఒకరికొకరు పంపుకొనుట ఎప్పుడు మొదలైనది? ఛాయాచిత్రము పుట్టిన ఇరువదియేండ్లలోనే మొదలైనది. ఇంగ్లండులో 1855లో కొందరు అభిలాషులు సంఘముగా చేరి, ఒక్కొక్కరు తమ చిత్రమును సభ్యులందరికి చాలినన్ని ప్రతులు దించి పంచుకొని ఆల్బములు కట్టుకొనిరి. అమెరికాలో 1861లో మరియొక మార్పిడి సంఘము లేచినది. దాని కట్టడి గట్టిది: ప్రతి సభ్యుడును రెండు నెలలకొకమారు మిగిలిన సభ్యులలో ప్రతివారికిని ఒక్క చిత్రమునైనను తయారుచేసి పంపవలెను. అది వారి అంతర్యుద్ధ కాలము. సంఘము కొద్ది సంవత్సరములే నిలిచినది. ఆ కాలపు వైద్యుడును రచయితయు నగు ఆలివర్ వెండెల్ హోమ్స్, 1863లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో వ్రాసిన వ్యాసమున, ఇట్టి మిత్రుల సంగతి ముచ్చటించెను. ఒకరి మొగము ఒకరు చూడకయే, ఒకరి యిల్లు, తోట, పిల్లలు ఒకరికి తెలిసిపోయి, ఉత్తరములే స్నేహముగా మారిన వారు ఆనాడే యుండిరి. ఆ తరువాత ఇంగ్లండులో తపాలా ఛాయాచిత్ర సంఘములు పుట్టి, చిత్రములు నింపిన పెట్టెను సభ్యునినుండి సభ్యునికి త్రిప్పు ఆచారము స్థిరపడినది.

ఈ పెట్టె విషయము కొంత విస్తరించి చెప్పదగినది. పెట్టెలో సభ్యులందరి చిత్రములు ఒక్కొక్కటి యుండును. వానితో ఒక నోటుపుస్తకము. పెట్టె చేరినవాడు వానిని తీరికగా చూచి, ప్రతి చిత్రమును గురించి తన అభిప్రాయము పుస్తకమున వ్రాసి, తన పాతచిత్రమును తీసికొని, క్రొత్తదానిని పెట్టి, తరువాతి సభ్యునికి తపాలాలో పంపవలెను. కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువుల తీరున ఉండును ఈ ఏర్పాటు. పై చెరువు మత్తడి దూకినగాని క్రింది చెరువునకు నీరు రాదు. ఒక్కడు పెట్టెను అటకపై పెట్టి మరచినయెడల క్రిందివారి పొలములన్నియు ఎండును. ఇట్టి సంఘములు ఎక్కువగా చచ్చుట పగవలన కాదు, ఈ మరపువలననే. అందుచేత పెట్టె ఎవరియొద్ద ఎన్ని దినములు ఉండవచ్చునో ముందే నిర్ణయింతురు. లెక్కలు వ్రాయువారికి ఈ పద్ధతి మెచ్చదగినదిగా తోచును: ఇచ్చినవానికి వచ్చును, ఇయ్యనివానికి రాదు, బాకీ ఎవరిదో అందరికిని తెలియును.

పెట్టెకన్న విలువైనది నోటుపుస్తకము. ఊరిలో ఫొటో తీసినవానికి ఊరివారు చెప్పునది ఏమి? బాగున్నది అందురు, లేదా నల్లగా వచ్చితినందురు. అంతకుమించి చెప్పువారుండరు. గురువు లేని ఊరిలో విద్య నేర్చువానికి ఇదియే పెద్ద కరవు. పుస్తకములు చదివి శాస్త్రము నేర్చిన వారెందరికో ఈ బాధ తెలియును: చదివినది సరిగా అర్థమైనదో లేదో చెప్పువాడు నాలుగామడల దూరమున కూడ ఉండడు. తపాలాపెట్టెలోని నోటుపుస్తకము ఆ కొరతను తీర్చును. ఆకాశము కాగితమువలె తెల్లగా పోయినది, ఇంకను నాలుగు క్షణములు వెలుతురు ఇయ్యవలసినది. ముసలవ్వ చేతులు చక్కగా వచ్చినవి, కాని వెనుకనున్న విద్యుత్ స్తంభము ఆమె తలనుండి మొలచినట్లున్నది. ఇట్టి మాటలు అందులో నుండును. ఎదుట కూర్చుండి చెప్పినచో కోపము వచ్చు మాట ఉత్తరములో వచ్చినపుడు రాత్రి పడుకొని ఆలోచింపబడును. మరునాడు అదే నెగెటివు తిరిగి చీకటిగదికి పోవును. మరల పెట్టె వచ్చునప్పటికి సవరించిన ప్రతి అందులో చేరును. పరిహాసముగా వ్రాయువారును లేకపోలేదు. అట్టివారి మాట ఎంతదూరము పోవునో వారికి తెలియదు. ఒక్క వంకర వాక్యము చదివి చీకటిగదిని వంటచెరకు కొట్టముగా మార్చినవారుండుట అసంభవము కాదు.

తపాలా ప్రయాణమున చిత్రమునకు ఆపదలు పెక్కు. సంచిలో వంగును, వానకు తడిసి ఒకదానికొకటి అంటుకొనును, ముద్ర గట్టిగా పడి వెనుకనుండి మొగముపై గుంట చేయును. అందుచేత అనుభవజ్ఞులు రెండు గట్టి అట్టల నడుమ పెట్టి, అట్టల పోగులు ఒకటి నిలువుగా ఒకటి అడ్డముగా వచ్చునట్లు అమర్చి, నూనెకాగితము చుట్టి, వంచరాదని పైన పెద్ద అక్షరములతో వ్రాసి పంపెదరు. విలువగలదానిని రిజిస్టరు చేయుట పూర్వాచారము. ఆ రిజిస్టరు తపాలా 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయినది.

దేశాంతరములకు పంపునపుడు తిరుగు తపాలా ఖర్చు ఎట్లు? ఇంగ్లండువానికి ఇచ్చటి బిళ్లలు పనికిరావు. దీనికి 1906లో రోమునగరమున కూడిన ప్రపంచ తపాలా మహాసభ ఒక ఉపాయము చేసినది. అంతర్జాతీయ ప్రత్యుత్తర కూపను అను కాగితమును ఒక దేశమున కొని ఉత్తరముతో పంపినచో, రెండవదేశపు తపాలా కార్యాలయము దానిని తీసికొని తమ బిళ్ల నిచ్చును. పోటీ ప్రదర్శనములకు చిత్రములు పంపిన అభిలాషులకు ఈ కూపను మంచి తోడు. ఈ ప్రదర్శనములకు సలోనులని పేరు. మన దేశమున ఛాయాగ్రాహక సంఘముల సమాఖ్య 1953లో ఏర్పడినది. అంతర్జాతీయ సమాఖ్య అంతకు మూడేండ్ల ముందు, 1950లో, స్విట్జర్లండులోని బెర్ను నగరమున తొలి మహాసభ జరిపినది. 1874లో ప్రపంచ తపాలా సమాఖ్యకు పునాది పడినదియు ఆ బెర్నులోనే. సలోనుకు పోయిన చిత్రము అంగీకరింపబడినచో దాని వెనుక ఒక చీటి అంటించి పంపెడివారు. కొన్ని చిత్రములు ఊరూర తిరిగి, వెనుకభాగమంతయు చీటీలతో నిండి, కాశీరామేశ్వరములు తిరిగివచ్చిన యాత్రికునివలె ఇల్లు చేరెడివి. చీటీ లేక వచ్చిన కవరు పలుచగా నుండెడిది. తపాలా జవాను అందించునప్పుడే ఫలితము చేతికి తెలిసెడిది.

ఈ విద్యకు కోరుట్ల దూరమైనది కాదు. బండి రాజన్ బాబు పుట్టినది కోరుట్లలోనే, 1939లో. ఆయన హైదరాబాదులోని లలితకళా వాస్తు కళాశాలలో ఛాయాగ్రహణము అభ్యసించి, రాజా త్ర్యంబకరాజ్ బహద్దూరు వంటి పెద్దల ప్రోత్సాహము పొందెను. గిరిజనుల జీవితమును చిత్రించి కీర్తి గడించి, ఇంగ్లండులోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఫెలో గౌరవమును అందుకొని, 2011లో దివంగతుడయ్యెను. ఆ సంఘము 1853లో పుట్టినది. ఆ గౌరవమునకు వంశము గాని ధనము గాని అడుగరు. అభ్యర్థి తన చిత్రముల వరుసను పరీక్షకుల ముందుంచవలెను, చిత్రములే సాక్ష్యము చెప్పవలెను. ఆ బల్లమీద కోరుట్లవాని చిత్రమును లండనువాని చిత్రమును ఒక్కతీరుగా చూడబడును. ఆయన పేరు ఈ చుట్టుప్రక్కల బడులలో చదువు పిల్లలకు నేడు తెలియకుండుట విచారింపవలసిన సంగతి.

ఆ తరమువారికి కాగితము దొరకుటయే కష్టము. దిగుమతి సరుకుపై ఆంక్షలుండెను. ఉదకమండలమున 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారము 1967లో ఉత్పత్తి ప్రారంభించి, ఇందు అను పేర ఫిల్మును కాగితమును అందించినది. నేడు ఆ కర్మాగారము మూతబడియున్నది. ఇప్పుడు నలుపు తెలుపు కాగితము కావలసినవారు ఇంగ్లండునుండియు చెక్ దేశమునుండియు వచ్చు సరుకునే వెదకికొనవలెను, వెల యెక్కువ. అయినను దేశదేశములలో కొందరు నేటికిని చీకటిగదిలో చిత్రములు దించి ఒకరికొకరు తపాలాలో పంపుకొనుచునేయున్నారు. పోస్టుకార్డు పరిమాణమున చిత్రము దించి, వెనుక చిరునామా వ్రాసి, కవరు లేకయే పంపు వేడుకయు వారిలో కలదు.

చేతిఫోనులో క్షణమున చిత్రము పోవుచుండగా ఈ శ్రమ ఎందులకని యువకులు అడుగుదురు. దుబాయిలో నుండి దినమును బిడ్డ మొగము ఫోనులో చూచు తండ్రికి చీకటిగది గొప్పతనము చెప్పబోవుట అవివేకము. ఆతనికి ఫోనే మేలు. కాని ఒక లెక్క చూడవలెను. ఫోను పగిలిననాడు దానితో పోయిన చిత్రములెన్ని? ట్రంకుపెట్టెలోని మడతపడిన ఫొటో ముప్పదియేండ్లకును ఉన్నది. స్టూడియోలలో నైనను భద్రము లేకపోయినది. పాత నెగెటివులను చోటు చాలదని పారవేసినవారు, వెండి తీయువారికి తూకమున అమ్మినవారు కలరు. ఆ తూకములో ఎన్ని పెండ్లిండ్లు, ఎన్ని బతుకమ్మలు, ఎందరు తాతలు పోయిరో లెక్కలేదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళుని గాజుపలకలలో 2,857 మాత్రము 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరి నిలిచినవి. ఆయన దొరలను, కోటలను, ఊరేగింపులను చిత్రించెను. బీడీలు చుట్టు కోరుట్ల స్త్రీలను, మగ్గపుగుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న సిరిసిల్ల ముసలి నేతగానిని, జగిత్యాల కోట బురుజుపై సాయంకాలము గాలికి కూర్చుండువారిని ఎవరు చిత్రించి యుంచిరి? చేమగ్గము తెలిసిన చేతులు నేడు సిరిసిల్లలో కొద్ది మాత్రమే మిగిలినవి. అవి పోవుటకు ముందు చేయవలసిన పని ఇది.

జగిత్యాల, సిరిసిల్ల 2016లో జిల్లాకేంద్రములైనవి. కోరుట్లయు పెద్ద పట్టణమే. మూడుచోట్లను కెమెరా పట్టువారు, పాత ఎన్లార్జరు మూలనబెట్టుకొన్న స్టూడియోవారు ఉన్నారు. రజతోత్సవ సందర్భమున ఈ గ్రంథాలయము ఒక పెట్టె చేయించి మూడూళ్ల నడుమ త్రిప్పినచో ఖర్చు ఏమంత కాదు. ఎనిమిది అంగుళముల వెడల్పు, పది అంగుళముల పొడవుగల చిత్రములు పట్టు చెక్కపెట్టె చాలును. ప్రతివాడును రెండు ప్రతులు దించవలెను: ఒకటి పెట్టెతో తిరుగుటకు, ఒకటి గ్రంథాలయపు బీరువాలో నిలుచుటకు. చిత్రము వెనుక ఊరిపేరు, సంవత్సరము, చిత్రములోని మనిషి చేయు పని వ్రాయవలెను. దించినవాని పేరు తప్పక వ్రాయవలెను. పదిహేను దినములకు మించి పెట్టె ఎవరియింటను ఉండరాదు. పండుగలకు, పెండ్లిండ్లకు, నాట్లకు, కోతలకు అదనముగా వారము గడువు.

బీగము అక్కరలేదు. లోపల నోటుపుస్తకమునకు ఒక మెత్తని పెన్సిలు దారముతో కట్టియుండవలెను. సిరాతో వెనుక వ్రాసినచో తడి తగిలిననాడు అది కాగితముగుండ ముందరి మొగముపైకి దిగును.